పెద్దయ్యాక చైనీస్ చదవడం నేర్చుకోవాలంటే: మనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు

నాది పర్లాకిమిడి. టెక్కలి వైపు ఒక గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో పేపర్లు చూసే పనిలో ఉన్నప్పుడు, బ్లాకులు చైనాలోని షామెన్ పోర్టుకి వెళ్తుంటే అక్కడ్నుంచి వచ్చే మెసేజీలు ఒక్క ముక్క అర్థం కాక, 33 ఏళ్ల వయసులో చైనీస్ చదవడం మొదలుపెట్టాను. ఇప్పుడు బరంపురం, గుణుపురం, రాయగడ నుంచి ఎవరో ఒకరు సాయంత్రం పూట ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు, పాపం వాళ్ల తప్పేం లేదు గానీ అవే డౌట్లు, అందుకే ఒకచోట రాసిపెడుతున్నా. మీకు ఏ ప్రశ్న కావాలో అక్కడికి దూకేయండి.

## మొదలెట్టక ముందు

నాకు 38 ఏళ్లు. ఈ వయసులో చైనీస్ చదవడం వస్తుందంటారా?

వస్తుంది. పిల్లలకి మనకంటే బాగా పట్టుబడేది ఉచ్చారణ, చదవడం కాదు. చైనాలో పిల్లాడు బళ్లో చేరేసరికే మాటలన్నీ నోటికి వచ్చి ఉంటాయి, వాడు నేర్చుకునేది అక్షరాలొక్కటే, మనం మాటా అక్షరమూ రెండూ ఒకేసారి నేర్చుకోవాలి, కష్టమల్లా అక్కడుంది. దానికి బదులు పెద్దవాళ్లకి ఒక లాభం ఉంది, ఒక అక్షరాన్ని ముక్కలుగా విడదీసి ఇది ఎందుకిలా ఉంది అని ఆలోచించగలం. ఆరేళ్ల పిల్లాడు వందసార్లు రాసి నేర్చుకునేది మనం కారణం పట్టుకుని పదిసార్లలో నేర్చుకుంటాం. మర్చిపోవడం మాత్రం వాడికంటే మనకే ఎక్కువ, ఒప్పుకోవాలి.

తెలుగు, ఒడియా, ఇంగ్లీష్ మూడూ చదవడం వచ్చు. నాలుగో లిపి రెండు నెలల్లో రాదా?

రాదండీ. మనవాళ్లు ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. మనం ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్లో ఒడియా చదివినవాళ్లం, కొత్త లిపి అంటే భయం ఉండదు, మంచిదే. కానీ తెలుగు, ఒడియా లిపులు అక్కాచెల్లెళ్లు. గంజాం జిల్లాలో పురుషోత్తంపురం దగ్గర జౌగడ కొండరాయి మీద అశోకుడు చెక్కించిన శాసనం ఉంది కదా, ఆ బ్రాహ్మీ లిపిలోంచే రెండూ పుట్టాయి. అందుకే ఒడియాలో క, కా, కి తెలిస్తే తెలుగులో అదే లెక్క, గీతలు మారాయి అంతే. చంద్రగిరి దగ్గర జిరాంగ్ మొనాస్టరీలో గోడల మీద రాసి ఉండేది చూసి చాలామంది చైనీస్ అనుకుంటారు, అది టిబెటన్, అదీ ఈ కుటుంబంలోదే. చైనీస్ ఈ చుట్టరికంలో లేదు. దాంట్లో అచ్చులు, హల్లులు, గుణింతం, ఒత్తులు ఏమీ లేవు. ఒక్కో గుర్తు ఒక్కో పూర్తి శబ్దానికి, సాధారణంగా దానికో అర్థం కూడా ఉంటుంది. వర్ణమాల నేర్చేసుకుంటే చదివేయొచ్చు అనే రోజు ఎప్పటికీ రాదు, అలా వస్తుందని ఎదురుచూసినవాళ్లే మూడో నెలలో మానేస్తారు.

మొత్తం ఎన్ని అక్షరాలు? యాభై వేలు అన్నారెవరో, నిజమేనా?

డిక్షనరీలో లెక్క అది. 1716 నాటి కాంగ్‌షీ నిఘంటువులో 47 వేల పైచిలుకు ఉన్నాయి, అందులో చాలావాటిని చైనావాళ్లు కూడా జన్మలో చూడరు. 2013లో చైనా ప్రభుత్వం ఇచ్చిన అధికారిక పట్టికలో 8105 ఉన్నాయి, వాటిలో మొదటి మెట్టు 3500. 1988లో వేసిన వాడుక అక్షరాల జాబితా పరీక్షించి చూస్తే 2500 అక్షరాలతోనే మామూలు రాతలో దాదాపు 98 శాతం వచ్చేస్తుందని తేలింది. ఇంకో లెక్క నాకు బాగా నచ్చుతుంది: అదే 1988 నాటి చైనా నిబంధనల ప్రకారం పల్లెటూరి రైతుకి 1500, ఫ్యాక్టరీ కార్మికుడికి 2000 అక్షరాలు వస్తే అక్షరాస్యుడి కింద లెక్క. మన టార్గెట్ కూడా ముందు ఆ రైతే అనుకోండి.

మాట్లాడ్డం అక్కర్లేదు, చదవడం ఒక్కటే చాలు. అలా కుదురుతుందా?

కుదురుతుంది, నేను చేసింది దాదాపు అదే, తప్పేం లేదు. కానీ శబ్దం పూర్తిగా వదిలేస్తే మాత్రం దెబ్బతింటారు. మనసులో పలక్కుండా చదివేవాళ్లు బహు తక్కువ, శబ్దం లేని అక్షరం బుర్రలో కొక్కెం లేని చొక్కా లాంటిది, ఎక్కడా తగిలించలేం. పైగా ఫోన్లో టైప్ చేయాలన్నా డిక్షనరీలో వెతకాలన్నా శబ్దమే తేలిక దారి. మాట్లాడనక్కర్లేదు, వినండి చాలు, ప్రతి కొత్త మాటని రెండుసార్లు ఆడియో నొక్కి విని ఒకసారి గొణుక్కోండి.

సింప్లిఫైడా, ట్రెడిషనలా?

చైనీస్ అక్షరాల రాత రెండు రకాలు, గీతలు తగ్గించింది సింప్లిఫైడ్, పాత పద్ధతిది ట్రెడిషనల్. చైనా, సింగపూర్ వాళ్లతో పనుంటే సింప్లిఫైడ్, తైవాన్, హాంకాంగ్ అయితే ట్రెడిషనల్. చైనా 1956లో గీతలు తగ్గించడం మొదలెట్టింది, గుర్రం అనే అక్షరం పది గీతల నుంచి మూడుకి దిగింది. మన గ్రానైటోళ్లకి సింప్లిఫైడ్ చాలు. రెండూ కలిపి మొదలెట్టకండి.

నా ఇంగ్లీష్ అంతంతే. డిక్షనరీలన్నీ ఇంగ్లీష్‌లోనే ఉన్నాయి, ఎలా?

ప్లీకో లాంటి యాప్‌లో అర్థాలు ఇంగ్లీష్‌లోనే వస్తాయి, నిజమే. కానీ అక్కడ ఉండేది చిన్న చిన్న మాటలు, పదో క్లాసు ఇంగ్లీష్ సరిపోతుంది. ఫ్లాష్‌కార్డు (ఒకవైపు మాట, వెనక అర్థం ఉండే చిన్న కార్డు) రాసుకునేటప్పుడు మాత్రం అర్థం తెలుగులో రాసుకోండి, ఒడియాలో తొందరగా తడితే ఒడియాలో రాసుకోండి, అడిగేవాడెవడు. మీకు కలలో వచ్చే భాషలో రాసుకున్న అర్థమే నిలుస్తుంది. చైనీస్ నుంచి ఇంగ్లీష్, ఇంగ్లీష్ నుంచి తెలుగు అని రెండు బస్సులు మారే ప్రయాణం పెట్టుకుంటే చదివేటప్పుడు స్పీడు రాదు.

## మొదటి మూడు నెలలు

పిన్యిన్ అంటే ఏటి? అది నేర్చుకోవాలా, నేరుగా అక్షరాల్లోకి వెళ్లిపోవచ్చా?

చైనీస్ శబ్దాన్ని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసే పద్ధతి పిన్యిన్, 1958 నుంచి అధికారికం. అక్కడి పిల్లలు కూడా ఒకటో క్లాసులో ఇదే నేర్చుకుంటారు. రెండు వారాలు గట్టిగా కూర్చుంటే అయిపోతుంది, తప్పించుకోకండి. నాలుగు టోన్లు (గొంతు ఎత్తి దించే తీరు, దాన్ని బట్టి అర్థమే మారిపోతుంది), తేలిగ్గా వదిలేసే అయిదోది ఒకటి, వీటిని కూడా మొదట్లోనే పట్టుకోవాలి, తర్వాత దిద్దుకోవడం నరకం.

పిన్యిన్ బదులు శబ్దాన్ని తెలుగులో రాసుకోవచ్చా?

మొదటి నెల రాసుకోండి, నిజానికి మనకి ఇది ఇంగ్లీష్ వాళ్లకంటే నయం. పిన్యిన్‌లో బి అని రాసేది నిజానికి మన ప, పి అని రాసేది ఒడియాలో ఫళ అన్నప్పటి ఫ. డి అంటే మన త, టి అంటే థ. జడ్ అని రాసేది చాప, చలి అన్నప్పుడు మన నోట్లో వచ్చే పళ్ల చ. జె అంటే చీమలో చ, క్యూ అంటే దానికి గాలి కలిపిన ఛ. కాబట్టి బీజింగ్ అని టీవీలో చెప్పేది అసలు పెయ్‌చింగ్‌కి దగ్గర. అల్పప్రాణం, మహాప్రాణం తేడా మన నోటికి తెలుసు, ఆ తేడా కోసమే అమెరికావాడు నెలల తరబడి కుస్తీ పడతాడు. టోన్ మాత్రం తెలుగు రాతలో కనపడదు, అందుకని రెండో నెల నుంచి పిన్యిన్‌కి మారిపోండి.

ఒక్కో అక్షరం ఒక బొమ్మంట కదా, బొమ్మలు గుర్తుపెట్టుకుంటే చాలదా?

యూట్యూబ్‌లో అందరూ అదే చూపిస్తారు. ఒక చెట్టు గీస్తే చెట్టు, రెండు చెట్లు తోపు, మూడు చెట్లు అడవి, సూర్యుడు చంద్రుడు పక్కపక్కన పెడితే వెలుగు. ముద్దుగా ఉంటుంది, మొదటి వారం అంతా ఎంత తేలిక అనిపిస్తుంది. కానీ సుమారు క్రీ.శ. 100లో షూ షెన్ అనే పండితుడు 9353 అక్షరాలు విడదీసి నిఘంటువు రాస్తే అందులో నేరుగా బొమ్మలోంచి పుట్టినవి నాలుగొందలు కూడా లేవు.

అక్షరాల్లో నూటికి ఎనభై పైన ఉండేది వేరే రకం: ఒక ముక్క అర్థం వైపు చెయ్యి చూపిస్తుంది, ఇంకో ముక్క శబ్దం చెప్తుంది. గుర్రాన్ని చైనీస్‌లో మా అంటారు. ఆ గుర్రం గుర్తు పక్కన ఆడమనిషి గుర్తు పెడితే మా, అంటే అమ్మ. నోరు గుర్తు పెడితే వాక్యం చివర ప్రశ్న అడిగే మా. రాయి గుర్తు పెడితే నంబరు, కోడ్ అనే మా. పురుగు గుర్తు పెడితే చీమ అనే మాటలో మొదటి మా. నెత్తిన రెండు నోళ్లు పెడితే తిట్టడం, అదీ మానే, రెండు నోళ్లు ఉంటే తిట్లు కాక ఇంకేముంటాయి. గుర్రానికీ అమ్మకీ సంబంధం వెతుక్కోకండి, గుర్రం అక్కడ శబ్దం మోయడానికి మాత్రమే వచ్చింది.

ఇంకో జట్టు చూడండి. ఆకుపచ్చా నీలం మధ్య రంగుకి ఛింగ్ అని ఒక అక్షరం. దానికి నీళ్లు చేరిస్తే తేట, సూర్యుడు చేరిస్తే మబ్బులేని ఆకాశం, మాట చేరిస్తే దయచేసి, గుండె చేరిస్తే మనసులో భావం, అన్నీ ఛింగే, టోన్లు వేరు. కన్ను చేరిస్తే మాత్రం చింగ్ అయిపోతుంది, కొంచెం జారింది. కాబట్టి శబ్దం ముక్క వందకి వంద నమ్మదగ్గది కాదు, చుట్టాల ఊరు తెలిస్తే ఇల్లు వెతుక్కోవడం తేలికైనట్టు అంత సాయం చేస్తుంది. ఇది మొదటి నెలలో నాకు ఒక్కరూ చెప్పలేదు, డబ్బు కట్టిన ఆన్‌లైన్ కోర్సులో కూడా బొమ్మలే చూపించారు, నాలుగు నెలలు దండగ.

చేత్తో రాయాలా? ఈరోజుల్లో అందరూ టైప్ చేస్తారు కదా?

మొదటి మూడు నాలుగు వందలు రాయండి, ఆ తర్వాత మీ ఇష్టం. రాయమనేది అందమైన చేతిరాత కోసం కాదు, రాస్తే చెయ్యి ప్రతి ముక్క దగ్గరా ఆగుతుంది, చూసి వదిలేస్తే కన్ను మొత్తం ఒక మరకలా చూసి జారిపోతుంది. గీతల వరస పాటించాలి, పై నుంచి కిందకి, ఎడమ నుంచి కుడికి, ఎందుకంటే ఫోన్లో వేలితో గీసి వెతికేటప్పుడు వరస సరిగ్గా ఉంటే గీత వంకర పోయినా దొరుకుతుంది. చైనావాళ్లే టైపింగ్ అలవాటై పెన్ను పట్టుకుంటే అక్షరం గుర్తురావట్లేదని మొత్తుకుంటున్నారు, మనం రెండు వేలూ చేత్తో రాయాలని పంతం పట్టడం అనవసరం.

అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి, నా కళ్లకి ఏమైనా ప్రాబ్లమా?

కళ్లు బాగానే ఉన్నాయి. తెలుగు రానివాడికి ప, వ, మ, ష చూపించి చూడండి, వాడికీ అంతే. అడ్డగీతలు రెండింట్లో కిందది పొడుగైతే మట్టి, పైది పొడుగైతే పండితుడు. చెట్టు గుర్తు మీద ఇంకో గీత పొట్టిగా పెడితే 'ఇంకా లేదు', పొడుగ్గా పెడితే 'చివర'. ఇలాంటి జంటల్ని ఒకేరోజు పక్కపక్కన నేర్చుకోకండి, ఒకటి గట్టిపడ్డాక నెల తర్వాత రెండోది తెచ్చుకోండి. ఒకేసారి నేర్చుకుంటే జన్మంతా ఏది ఏదో అనే అనుమానం ఉండిపోతుంది, నాకు మట్టీ పండితుడూ ఇప్పటికీ అంతే.

## మూడు వందలు దాటాక

ఒక్కో అక్షరం అర్థం తెలుసు, కానీ వాక్యం మొత్తం ఏమీ అర్థం కావట్లేదు. ఎందుకు?

అక్షరాలు నేర్చుకున్నారు, మాటలు నేర్చుకోలేదు, అందుకు. ఇప్పటి చైనీస్‌లో ఎక్కువ మాటలు రెండు అక్షరాలవి. కరెంటు, మాట కలిస్తే ఫోన్. కరెంటు, మెదడు కలిస్తే కంప్యూటర్. కరెంటు, నీడ కలిస్తే సినిమా. నిప్పు, బండి కలిస్తే రైలు, మన తాతలు పొగబండి అన్నారు, వాళ్లు నిప్పుబండి అన్నారు. నిప్పు, కొండ కలిస్తే అగ్నిపర్వతం, అచ్చు మనలాగే. ఇవి విడిగా తెలిసినా ఊహించగలం, కానీ అన్నీ ఇలా కలిసిరావు. మా లైన్లో జుట్టు, పలక అనే రెండక్షరాలు కలిస్తే పాలిష్ చేయని స్లాబు, వెలుగు, పలక కలిస్తే పాలిష్ చేసింది. విడివిడిగా ఎంత తెలిసినా అది తట్టదు. అందుకే ఇక్కడ్నుంచి కార్డు మీద ఒంటరి అక్షరం రాయడం ఆపేసి, మాట, దాని కింద ఒక పొట్టి వాక్యం రాసుకోండి.

పదాల మధ్య ఖాళీ వదలరు, ఎక్కడ విడదీయాలో ఎలా తెలుస్తుంది?

తెలిసిన మాటలు పెరిగే కొద్దీ అవే విడిపోతాయి, వేరే మంత్రం లేదు. మొదట్లో పెన్సిల్‌తో మాట మాటకీ గీత పెట్టుకోండి, నేనైతే ఆర్నెల్లు పెట్టాను. సంధి కలిసిపోయి 'ఎక్కడికెళ్తున్నావేంటి' అని గుక్క తిప్పుకోకుండా రాసినా మనం విడదీసుకుంటాం కదా.

వ్యాకరణం చాలా కష్టమంట కదా?

చదవడానికి మాత్రం తెలుగువాడికి చాలా చోట్ల ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది, ఈ సంగతి ఇంగ్లీష్ పుస్తకాల్లో రాయరు, ఎందుకంటే వాళ్లకి అది తలనొప్పి. 'నిన్న బరంపురంలో అన్న కొన్న పుస్తకం' అంటే చైనీస్‌లో కూడా నిన్న, అన్న, బరంపురంలో, కొన్న, తర్వాత ద అనే చిన్న అక్షరం, చివర పుస్తకం. వర్ణన ఎంత పొడుగైనా ముందే వస్తుంది, అసలు వస్తువు చివర. ఇంగ్లీష్‌వాడు తిరగేసి చదవాలి, మనం వరసగా పోతాం. ఆ ద అనే అక్షరమే మొత్తం చైనీస్ రాతలో అన్నిటికన్నా ఎక్కువసార్లు కనపడేది, అది కనపడగానే దాని వెనక ఏ వస్తువు ఉందో ముందు చూడండి, సగం వాక్యం విడిపోతుంది.

ప్రశ్న కూడా అంతే, 'వస్తావా'లో చివరి ఆ లాగా వాక్యం చివర మా పెడతారు. లెక్కపెట్టేటప్పుడు వస్తువుని బట్టి మధ్యలో ఒక మాట చేరుస్తారు, పుస్తకానికి ఒకటి, కాగితానికి ఒకటి, పొడుగ్గా ఉండేవాటికి ఒకటి. ఒడియాలో జణె లోక, గోటిఏ బహి అని తేడా చూపించి పెరిగాం కాబట్టి ఇదీ మనకి వింత కాదు. క్రియ మాత్రం కర్మ కంటే ముందు వస్తుంది, తినడం ముందు, అన్నం తర్వాత, అదొక్కటి మన అలవాటుకి అడ్డం. క్రియకి కాలాన్ని బట్టి రూపాలు మారడం ఉండదు, బతికించారు.

ఫ్లాష్‌కార్డులు వందలకొద్దీ పేరుకుపోయాయి, యాప్ తెరవాలంటేనే భయమేస్తోంది. ఏం చెయ్యాలి?

కొత్త కార్డులు ఆపేయండి, పాతవి రోజుకి అరవై మించి చూడకండి, మిగిలినవి రేపు ఉంటాయి, ఎక్కడికీ పోవు. ఆంకీ లాంటి యాప్ మర్చిపోయే టైముకి సరిగ్గా అడిగేలా లెక్కేస్తుంది, మంచి పనిముట్టే, కానీ దానికి మన ఊరి సంగతి తెలీదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి మా దగ్గర రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ చార్జింగ్ వచ్చాక తెరిస్తే తొమ్మిదొందల కార్డులు నోరు తెరుచుకుని ఉన్నాయి. మూడు రోజులు కుస్తీ పట్టి, చివరికి సగం డిలీట్ చేసేశాను, ఏ నష్టమూ జరగలేదు, అవసరమైన మాటలు చదువుతుంటే అవే తిరిగొచ్చాయి. కార్డులు చదవడానికి సాయం, చదవడం కాదు. రోజుకి అరగంట ఉంటే పది నిమిషాలే కార్డులకి ఇవ్వండి.

ఒకే అక్షరం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా పలుకుతున్నారు. తప్పా?

తప్పు కాదు, అలాంటివి కొన్ని ఉన్నాయి. బ్యాంకు అనే మాటలో హాంగ్ అని పలికే అక్షరమే సైకిల్ అనే మాటలో షింగ్ అవుతుంది. జాబితా వేసి బట్టీ పట్టకండి, మాటతో పాటు నేర్చుకుంటే గందరగోళం ఉండదు.

## నిజంగా చదవడం మొదలయ్యాక

ఏం చదవాలి? న్యూస్ పేపర్ తీస్తే ఒక్క లైను కూడా సాగట్లేదు.

పేపర్ ఇప్పుడే వద్దు, అందులో భాష పెద్దమనుషుల భాష. 300 మాటలతో, 500 మాటలతో, వెయ్యి మాటలతో అని లెక్కపెట్టి నేర్చుకునేవాళ్ల కోసమే రాసిన కథల పుస్తకాలు ఉన్నాయి, వాటితో మొదలెట్టండి. పేజీకి తెలియని మాటలు రెండు మూడు మించితే ఆ పుస్తకం మీకు బరువు, కిందకి దిగండి, సిగ్గుపడక్కర్లేదు. పిల్లల కథల పుస్తకాలు తేలికనుకుంటారు, కాదు, వాటిలో కప్ప బెకబెక, కుందేలు గెంతు లాంటి మాటలే ఎక్కువ, మనకి పనికొచ్చేవి తక్కువ. మీ పనికి సంబంధించినవి ఉంటే ఇంకా మంచిది. నేను నిజంగా చదివిన మొదటి చైనీస్ ఒక స్లాబ్ కటింగ్ మెషీన్ మీద అంటించిన హెచ్చరిక కాగితం.

పైన పిన్యిన్ వేసిన పుస్తకాలు కొనమంటారా?

వద్దు. కన్ను తేలికైన దారి వెతుక్కుంటుంది, పైన ఇంగ్లీష్ అక్షరాలు కనిపిస్తుంటే కిందకి చూడదు. పిన్యిన్ కావాలనుకుంటే నొక్కితేనే కనపడే యాప్ వాడండి.

ఫోన్ కెమెరా పెడితే మొత్తం ఇంగ్లీష్‌లో వచ్చేస్తోంది. ఇంత కష్టం ఎందుకు?

హోటల్ మెనూకి కెమెరా చాలు, నేనూ వాడతాను. డబ్బు చేతులు మారే కాగితానికి మాత్రం నమ్మను. క్వారీ నుంచి వచ్చే రఫ్ బ్లాకుని చైనీస్‌లో హువాంగ్‌ల్యావ్ అంటారు, మొదటి అక్షరానికి విడిగా బీడు, పాడుబడ్డ అనే అర్థాలు ఉన్నాయి. మా ఆఫీసులో ఒకసారి ఆ మాట మెషీన్ అనువాదంలో పనికిరాని సరుకు అని వచ్చింది, బ్లాకులు రిజెక్ట్ చేశారనుకుని రెండు రోజులు ఒకటే గోల, చూస్తే వాళ్లు అడిగింది బ్లాకుల సైజులు. ఆ రెండక్షరాలు నాకు అప్పటికే వచ్చుంటే రెండు నిమిషాల పని.

నా ఫోన్లో అక్షరం ఒకలా ఉంది, పుస్తకంలో కొంచెం వేరేగా ఉంది. ఏది కరెక్ట్?

పుస్తకం. చైనీస్, జపనీస్ అక్షరాలకి కంప్యూటర్లో చాలావరకు ఒకే కోడ్ ఇచ్చారు, ఫోన్‌కి చెప్పకపోతే అది జపాన్ పద్ధతి గీతలు చూపించేస్తుంటుంది. సెట్టింగ్స్‌లో భాషల జాబితాలో తెలుగు, ఇంగ్లీష్ తర్వాత సింప్లిఫైడ్ చైనీస్ చేర్చండి, సరిపోతుంది. గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డ్‌లో చైనీస్ చేతిరాత కూడా పెట్టుకోండి, శబ్దం తెలియని అక్షరాన్ని వేలితో గీసి వెతకొచ్చు.

హెచ్‌ఎస్‌కే పరీక్ష రాయాలా? అందులో కొత్త లెవెల్స్, పాత లెవెల్స్ అంటున్నారు, ఏమిటవి?

హెచ్‌ఎస్‌కే అంటే చైనీస్ ఎంత వచ్చో కొలిచే చైనావాళ్ల పరీక్ష. సర్టిఫికెట్ అడిగే ఉద్యోగమో చదువో ఉంటే రాయండి, లేకపోతే మెట్లు లెక్కేసుకోవడానికి దాని మాటల జాబితా వాడుకోండి చాలు. 2010 నుంచి నడిచిన పద్ధతిలో ఆరు లెవెల్స్, 150 మాటలతో మొదలై 5000 దాకా. ఒకటి, రెండు లెవెల్స్‌లో ప్రశ్నపత్రంలో పిన్యిన్ కూడా ఉంటుంది, మూడు నుంచి ఒట్టి అక్షరాలే, మనవాళ్లు చాలామంది మూడు దగ్గర ఆగిపోయేది అందుకే. 2021లో ఇచ్చిన కొత్త ప్రమాణంలో తొమ్మిది లెవెల్స్, మొత్తం 3000 అక్షరాలు, 11 వేల పైచిలుకు మాటలు.

మొత్తం ఎన్నాళ్లు పడుతుంది? నిజం చెప్పండి.

అమెరికా ప్రభుత్వం తన దౌత్యాధికారులకి చైనీస్ నేర్పడానికి 88 వారాలు, 2200 క్లాసు గంటలు లెక్కేస్తుంది, వాళ్లకి అదే ఉద్యోగం, జీతం ఇచ్చి మరీ కూర్చోబెడతారు. మనకి షాపు, పొలం, పిల్లల హోంవర్కు మధ్య రోజుకి అరగంట, ముప్పావు గంట. నా లెక్క చెప్తా: ఏడాదికి పనికి సంబంధించిన మెసేజీలు డిక్షనరీతో తడుముకుంటూ చదివాను, రెండున్నరేళ్లకి డిక్షనరీ లేకుండా తేలిక కథలు, నాలుగేళ్లకి పేపర్లో నాకు తెలిసిన విషయం మీద వార్త. నవల ఇంకా ఒకటే పూర్తి చేశాను, దానికీ ఎనిమిది నెలలు పట్టింది.

మన ప్రాంతం గురించి చైనీస్‌లో ఎవరైనా రాశారా? చదవాలని ఉంది.

రాశాడు, హ్యుయన్‌త్సాంగ్. ఏడో శతాబ్దంలో ఈ తీరం వెంట ఒడ్ర నుంచి కళింగకి వెళ్తూ మధ్యలో కొంగోద అనే రాజ్యం గురించి రాశాడు, అది ఇప్పటి గంజాం వైపేనని చరిత్రకారులు అంటారు. అక్కడి లిపి మధ్యదేశం లిపి లాంటిదేగానీ మాటా, పలికే తీరూ వేరని కూడా రాసుకున్నాడు, మన సరిహద్దు గోల అప్పటికే మొదలైందన్నమాట. ఆ పుస్తకం 646లో పూర్తయింది, పాత చైనీస్, ఇప్పటి భాష వచ్చినంత మాత్రాన అది చదవలేరు, నేనూ అనువాదంలోనే చదివాను. కొంగోద అని ఆయన రాసిన మూడు అక్షరాలు మాత్రం ఒకసారి ఫోన్లో వేలితో గీసి వెతుక్కున్నాను, మొదటి దానికి గౌరవం అని అర్థం వచ్చింది, శబ్దం కోసం తెచ్చిపెట్టిందే అది కూడా, అమ్మ పక్కన గుర్రంలాగా.